వసుంధరకి నేను చదివి వినిపించని షరతు

ముందే ఒప్పేసుకుంటున్నాను, నాతో పనిచేసిన ఖాజా అంటే నాకు కుళ్ళు. పని మానేసి నాలుగేళ్ళయింది. మోకాళ్ళు అరిగాయి, జుట్టుకి రంగెయ్యడం కూడా మానేశాను. ఆ కుళ్ళు మాత్రం ఇంకా అలాగే ఉంది.

సింగపూర్‌లో ఇరవై ఆరేళ్ళు అద్దె ఇళ్ళ ఏజెంటుగా చేశాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న మనవాళ్ళ పిల్లలు కొందరు, "సత్యా ఆంటీ, మాకు పనికొచ్చేవి నాలుగు రాసివ్వండి" అని వెంటపడ్డారు. పరీక్ష ఎలా రాయాలో, ఏ ఫారం ఎక్కడ నింపాలో మీకు క్లాసుల్లో చెబుతారు. నేను చేసిన ఒక దొంగ పని గురించి ఏ క్లాసులోనూ చెప్పరు కాబట్టి అది నేనే చెబుతాను. ఒక అమ్మాయి, ఆమె కుక్క, వాళ్ళకి కావలసిన ఒక ఇల్లు, ఇంతే సంగతి. ఖాజా లేకుండా చెప్పాలని చాలా ప్రయత్నించాను. కుదరలేదు.

లైట్ కుకింగ్

మాది కాకినాడ. మా ఆయన షిప్‌యార్డులో సూపర్‌వైజరుగా వస్తే వెనకాల నేనూ వచ్చాను. ఏజెంటు లైసెన్సు తీసుకున్న కొత్తలో మన తెలుగువాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. తర్వాత ఐటీ వచ్చి పడింది. బాబోయ్, ఏం రోజులవి! సోమవారం రాఫెల్స్ ప్లేస్ ఆఫీసులో చేరాలి, శనివారం విమానం దిగుతారు, చేతిలో రెండు సూట్‌కేసులు, వాటిలో ఒక కుక్కరు. ఇల్లు మాత్రం ఆదివారంకల్లా కావాలి.

ఇక్కడ ఓనర్లు ఫోనులో అడిగేవి మూడే ప్రశ్నలు. ఏ దేశం? ఎంతమంది? వండుకుంటారా? మొదటి రెండింటికీ నిజం చెప్పేదాన్ని. మూడోదానికి మన ఏజెంట్లందరం ఒకటే పాట పాడేవాళ్ళం, "లైట్ కుకింగ్ ఓన్లీ" అని. అంటే వాళ్ళ మనసులో నూడుల్సు, కోడిగుడ్డు. మనవాడు మొదటి ఆదివారమే ఎండు మిరపకాయలు వేసి గోంగూరకి పోపు పెట్టేవాడు. కింద అంతస్తులో వాళ్ళు దగ్గుకుంటూ కిటికీలు మూసుకునేవాళ్ళు.

ఓనరు నుంచి ఫోను రాగానే నేను మైసూర్‌పాకు డబ్బా పట్టుకుని పరిగెత్తేదాన్ని. స్టవ్ వెనక గోడ తోమించి, "సారీ అంకుల్, పండగొచ్చింది, అందుకే" అనేదాన్ని. ఏడాదిలో మాకు ఎన్ని పండగలున్నాయో ఆ ముసలాళ్ళకి ఏం తెలుసు? రెండో డబ్బాకి మెత్తబడేవాళ్ళు. ఎవరినీ ఖాళీ చేయించలేదు.

మా బాసు చైనీస్ పెద్దమనిషి, సిగరెట్టు ఆర్పకుండా మాట్లాడేవాడు. "సత్యా, కీ ఫస్ట్, స్టోరీ లేటర్ లా" అనేవాడు. ముందు తాళాలు చేతికి రానీ, కథ తర్వాత చెప్పుకోవచ్చు అని. నేను ఆ మాట నమ్మాను. పోపు వాసన విషయంలో అది నిజంగా పనిచేసింది కూడా. అబద్ధం పనిచెయ్యడం మొదలుపెడితే అది మనకి తెలివితేటల్లా కనిపిస్తుంది, ఆ సంగతి గుర్తుపెట్టుకోండి.

ఖాజా

ఖాజాది కర్నూలు. ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో స్టోర్ కీపరుగా చేసి, నా తర్వాత ఆరేళ్ళకి మా ఆఫీసులోకే వచ్చాడు. సన్నగా, నెమ్మదిగా, చొక్కా గుండీ మెడదాకా పెట్టుకుని ఉండేవాడు. పని నేర్పమని బాసు నాకే అప్పగించాడు. నేర్పాను, నా ఖర్మ.

మొదటి రోజే ఓనరుకి ఫోనుచేసి ఏమన్నాడో తెలుసా? "వండుకుంటారు సార్. పొద్దున, సాయంత్రం. పోపు పెడతారు, ఘాటుగా ఉంటుంది. స్టవ్ వెనక రేకు కొట్టిస్తాను, పోయేటప్పుడు కర్టెన్లు ఉతికిస్తాను. ఇష్టమైతేనే ఇవ్వండి." ఓనరు టక్కున పెట్టేశాడు. నేను కడుపు పట్టుకుని నవ్వాను. "నువ్విలా అయితే బతికినట్టే ఖాజా" అన్నాను.

"ఎట్లయినా తెలుస్తాది గదక్కా. తర్వాత తిట్టించుకునే బదులు ముందే కాదనిపించుకుంటే పోలా?" అన్నాడు.

రెండేళ్ళు నవ్వుతూనే ఉన్నాను. మూడో ఏడు నవ్వాగిపోయింది. ఒక ఓనరమ్మ ఆంగ్ మో కియోలో తన ఫ్లాటు నా చేత మూడుసార్లు అద్దెకి ఇప్పించుకుంది. నాలుగోసారి ఖాజాకి ఇచ్చింది! ఎందుకని అడిగితే, "అతను చెప్పింది చెప్పినట్టే ఉంటుంది" అంది. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

ఇక అక్కణ్ణుంచీ చూస్కోండి. ఆఫీసు పక్కన తిండి కొట్లన్నీ ఒకేచోట ఉండే హాకర్ సెంటర్లో అందరం కలిసి మకాన్‌కి, అంటే భోజనానికి, కూర్చుంటే అతని ఫోను మోగేది, నాది బల్ల మీద వెల్లకిలా పడి ఉండేది. అతను లేచి వెళ్ళి మాట్లాడి వచ్చేసరికి అతని టీ చల్లారేది, నాకు కడుపు కాలేది. నేను పొద్దున్న ఏడింటి నుంచీ తిరిగేదాన్ని. అతను పదింటికి వచ్చేవాడు. నాకు చైనీసులో పది మాటలు, మలయ్‌లో ఇరవై మాటలు వచ్చు, అతనికి నమస్కారం పెట్టడం వచ్చు. అయినా వాళ్ళకి ఖాజాయే కావాలి. ఇద్దరు ముగ్గురు కస్టమర్లతో, "ఖాజా మంచివాడేగానీ, ఏరియాలు సరిగా తెలీవు" అని కూడా అన్నాను. అది శుద్ధ అబద్ధం. సింగపూర్‌లో ఏ బ్లాకు లిఫ్టు ఏ అంతస్తులో ఆగదో కూడా అతనికి తెలుసు.

పది రోజులు

వసుంధర ఫోను అలాంటి రోజుల్లో వచ్చింది. కంపెనీ వాళ్ళు మెల్‌బోర్న్ నుంచి ఇక్కడికి బదిలీ చేశారు, ఇల్లు చూడాలి అంది. మాట చల్లగా, తెలంగాణ యాసలో ఉంది. చివర్లో, "ఖాజా గారి నంబర్ గూడ ఇచ్చిన్రు ఆంటీ. రేపు సాయంత్రం ఆయనను కలుస్తున్న" అంది. అంతే, నాకు ఒళ్ళు మండిపోయింది. గంటలో ఆమె ఉన్న సర్వీస్ అపార్ట్‌మెంటుకి వెళ్ళిపోయాను.

కింద లాబీలో కూర్చుని ఉంది. ముప్పై ఏళ్ళుంటాయి. కాళ్ళ దగ్గర లేత పసుపు రంగు లాబ్రడార్ ఒకటి, వీపు మీద పిడి ఉన్న పట్టీతో. నేను దగ్గరికి వెళితే కుక్క చూసింది, ఆమె చూడలేదు. అప్పుడు అర్థమైంది.

హన్మకొండ అమ్మాయి. పదకొండో ఏట జబ్బు చేసి చూపు పోయింది. చదువుకుని ప్రోగ్రాములు పరీక్షించే ఉద్యోగం సంపాదించింది. కంప్యూటరు తెర మీద రాతని పైకి చదివే సాఫ్ట్‌వేర్‌తో పనిచేస్తుంది. కుక్క పేరు మిల్లీ. మెల్‌బోర్న్‌లో శిక్షణ ఇచ్చిన గైడ్ డాగ్, మూడేళ్ళుగా ఈమెని నడిపిస్తోంది. ఇక్కడికి తేవడానికే నెలలు పట్టిందట.

"బస్సు, ట్రైను, తినే చోట్లు, అన్నిట్లకు మిల్లీ రావచ్చు ఆంటీ. దానికి రూల్ ఉన్నది, పేపర్లున్నయి. అద్దె ఇంటికి మాత్రం అసొంటి రూల్ లేదు, ఓనర్ ఇష్టమే అన్నరు. ఇంకో పది రోజులల్ల కంపెనీ ఇచ్చిన ఈ రూమ్ ఖాళీ చెయ్యాలె. ఇల్లు దొరకకుంటే మిల్లీని వాపస్ పంపుడే. మిల్లీ లేకుంటే నేను ఆఫీసుకు ఒక్కదాన్ని పోలేను."

"దొరుకుతుందమ్మా, నాదే పూచీ" అన్నాను.

"ఒక్కటే రిక్వెస్ట్. ఓనర్‌కు మిల్లీ గురించి ముందుగాల చెప్పండి. నాకు ఇంకేం వద్దు."

"అదెంత పని" అన్నాను. ఆమె నవ్వింది. ఇల్లు ట్రైను మారే పనిలేని దారిలో ఉంటే చాలంది. నా బుర్రలో తిరుగుతున్నది ట్రైను దారి కాదు, రేపు సాయంత్రం. ఖాజాని కలవకముందే ఈ అమ్మాయి చేత సంతకం పెట్టించాలి.

చదివాను, చదవలేదు

ఆంగ్ మో కియోలో ఒక ఇల్లు ఖాళీగా ఉంది. ఓనరు వాంగ్ అని, రిటైరైన బస్సు మెకానిక్కు. ఒకే ఒక్క ఇల్లు కొని అద్దెకిచ్చుకునే రకం. అక్కణ్ణుంచి ట్రైనెక్కితే వసుంధర ఆఫీసున్న రాఫెల్స్ ప్లేస్‌లో దిగడమే. ఫోనుచేసి, "ఒక్కతే ఆడపిల్ల, కంప్యూటరు ఉద్యోగం, లైట్ కుకింగ్" అన్నాను. కుక్క మాట ఎత్తలేదు. ఎత్తితే రెండు రోజులు ఆలోచిస్తానంటాడు. నాకు ఒక్క రోజే ఉంది. మిల్లీ కూడా పోపు వాసన లాంటిదే అనుకున్నాను. చేరాక తెలుస్తుంది, అరుస్తాడు, మైసూర్‌పాకు తీసుకెళతాను, రెండో డబ్బాకి మెత్తబడతాడు.

వసుంధరతో ఏం చెప్పానో రాయడానికి ఇప్పటికీ సిగ్గేస్తోంది. "ఓనరుకి చెప్పానమ్మా, సరేనన్నాడు. కాకపోతే వాళ్ళావిడకి కుక్కలంటే భయం. చూడ్డానికి వెళ్ళేటప్పుడు మాత్రం మిల్లీని గదిలో ఉంచి రా" అన్నాను. వాంగ్ భార్య పోయి అప్పటికే చాలా కాలమైంది.

మర్నాడు మధ్యాహ్నం వసుంధర తెల్ల కర్ర పట్టుకుని, నా మోచెయ్యి పట్టుకుని వచ్చింది. ఇల్లంతా గోడ తడుముతూ తిరిగింది. లిఫ్టు నుంచి తలుపుకి ఎన్ని అడుగులో లెక్కపెట్టుకుంది. "మిల్లీ ఉంటే రెండు నిమిషాలల్ల తెలిసిపోయేది. కర్రతో నాకు ఇప్పుడు అలవాటు తప్పింది" అంది. వాంగ్ ఆమెని చూసి కరిగిపోయాడు. దారిలో ఉన్న స్టూలు తనే తీసి పక్కన పెట్టాడు. ఆ క్షణంలో చెప్పినా సరిపోయేది. మనిషి మెత్తగా ఉన్నాడు, తలుపు దగ్గరే నిలబడ్డాడు. నేను గడియారం చూసుకున్నాను.

అగ్రిమెంటు కాగితాల మీద ఉంది. కాగితం మీది రాత ఆమెకి కనిపించదు కాబట్టి నేనే పైకి చదివాను. పదిహేడో షరతు చాలా చిన్నది. ఏ రకమైన జంతువునీ ఇంట్లో ఉంచకూడదు, ఉంచితే ఖాళీ చెయ్యాలి. పదహారు తర్వాత పద్ధెనిమిది అంటే పట్టుకుంటుందని, మొదటినుంచీ నంబర్లు లేకుండానే చదువుకుంటూ వచ్చాను. అంటే చదవడం మొదలుపెట్టకముందే నేను తేల్చేసుకున్నానన్నమాట. పొరపాటున దాటేశానని తర్వాత చాలామందికి చెప్పాను. పొరపాటు కాదు.

"మిల్లీ సంగతి దీంట్ల రాసిన్రా ఆంటీ?" అంది.

"దానికి విడిగా లెటరు తీసుకుంటాను" అన్నాను. సంతకం ఎక్కడ పెట్టాలో ఆమె వేలు పట్టుకుని చూపించాను. పెట్టేసింది.

బయటికి రాగానే నేను చేసిన మొదటి పని ఖాజాకి ఫోను. "వసుంధర పని అయిపోయిందయ్యా, నువ్వింక శ్రమ పడక్కర్లేదు" అన్నాను. ఎంత సంతోషంగా అన్నానో!

"మంచిదక్కా. ఆ పాప ఫోనులో చెప్పిన కుక్క సంగతి రాయించినావా?" అన్నాడు.

"నాకు నువ్వు పని నేర్పుతావా?" అని పెట్టేశాను. ఆ రాత్రి మా ఆయనకి ఇష్టమని పులస లేకపోయినా ఏదో చేప తెచ్చి పులుసు పెట్టాను. గెలిచినట్టు తిన్నాను.

ఓనరు ఎందుకు అరిచాడు

వసుంధర చేరిన అయిదో రోజు వాంగ్ వాటర్ హీటరు చూడ్డానికి వచ్చాడు. తలుపు తీస్తే మిల్లీ. నాకు ఫోనొచ్చింది. డబ్బా పట్టుకుని టాక్సీలో వెళ్ళాను.

వాంగ్ డబ్బా వైపు కూడా చూడలేదు. అగ్రిమెంటు చేతిలో పట్టుకుని గుమ్మంలోనే అరవడం మొదలుపెట్టాడు. అతనన్న మాటలు ఇంగ్లీషులోనే గుర్తున్నాయి, తెలుగులో చెబుతాను. "ముందే అడిగితే కాదనేవాణ్ణో ఔననేవాణ్ణో నాకే తెలీదు. నన్ను అడగలేదు. ఇప్పుడు నేను చూపులేని పిల్లని వెళ్ళగొట్టేవాణ్ణయ్యాను. ఇది నువ్వు చేశావు సత్యా, నువ్వు!" ఇరవై ఆరేళ్ళలో ఓనర్లు నన్ను చాలా తిట్లు తిట్టారు. ఇది తిట్టు కాదు. మేం ఓనర్ల గురించి ఎంతసేపూ పిసినారులు, మనవాళ్ళంటే పడనివాళ్ళు అని చెప్పుకుంటాం. కొందరు అలాంటివాళ్ళే, అబద్ధమెందుకు. కానీ కాదనే హక్కుతోపాటు ఔననే అవకాశం కూడా నేను అతని దగ్గర లాగేసుకున్నాను.

వారంలో ఖాళీ చెయ్యమన్నాడు. పదిహేడో షరతు పైకి చదివాడు.

వసుంధర గోడకి ఆనుకుని నిలబడి ఉంది. "సెవెన్టీనా?" అంది. తర్వాత తెలుగులో నాతో, "ఆంటీ, ఇది మీరు నాకు చదవలేదు" అంది.

"హడావుడిలోనమ్మా..."

"హడావుడి కాదు ఆంటీ. నంబర్లు ఎందుకు చదువుతలేరని అప్పుడే అనుకున్న. పెద్దమనిషిని ఏం అడుగుతమని ఊకున్న." ఆమె గొంతు పెంచలేదు. "కాగితం నా చేతిల పెడితే నాకు ఉత్త కాగితమే. మీ మాట పట్టుకునే సంతకం పెట్టిన."

మిల్లీ లేచి ఆమె కాలికి ఆనుకుని నిలబడింది. ఆమె చెయ్యి దానంతట అదే వెళ్ళి దాని తల మీద ఆనింది. నిజం చెబుతున్నాను, నాకు ఆ కుక్క మీద కూడా కుళ్ళొచ్చింది. మూడేళ్ళలో అది ఒక్క మెట్టు దగ్గరైనా ఆగకుండా ఈమెని లాక్కుపోయి ఉంటే, ఆ చెయ్యి అలా ఆనేదా?

ఆమె నా మీద ఫిర్యాదు రాసి ఉంటే నా లైసెన్సు పోయేది. రాయలేదు. క్షమించి కాదు, తీరిక లేక. ఆమెకి ఏడు రోజుల్లో ఇల్లు కావాలి, లేకపోతే మిల్లీని విమానం ఎక్కించాలి. ఈసారి నాకు ఏ దారీ తోచలేదు. తోచిన ఒక్క దారీ ఖాజా.

ముందు కుక్క, తర్వాత గుడ్ మార్నింగ్

ఫోనుచేసి అతని బ్లాకు కింద హాకర్ సెంటరుకి వెళ్ళాను. టిష్యూ పొట్లం పెట్టి నాకు కుర్చీ చోప్ చేసి, అంటే ఇంకెవరూ కూర్చోకుండా ఆపి ఉంచాడు, చుట్టం వస్తున్నట్టు. మొత్తం చెప్పాను, నంబర్లు తీసేసిన సంగతితో సహా. నా జన్మలో అంత చేదు కాఫీ తాగలేదు.

తిడతాడనుకున్నాను. తిడితే నేనూ నాలుగనేదాన్ని, తేలికపడేది. "ఇప్పుడేం చేసేది చూద్దాం పా అక్కా" అన్నాడు, అంతే. ఆ మంచితనం ఉంది చూశారూ, దాన్ని తట్టుకోవడం నా వల్ల కాలేదు.

ఆ మధ్యాహ్నం అతని పక్కన కూర్చుని విన్నాను. ఒక్కో ఓనరుకి ఫోను. పేరు చెప్పగానే మొదటి మాటే, "టెనెంటుకి చూపు లేదు, గైడ్ డాగ్ ఉంది, పెద్దది, వెంట్రుకలు రాలుతాయి. ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పండి, నేనేమీ అనుకోను." కాదు, కాదు, కాదు. ఒకాయన నవ్వాడు. ఒకావిడ మాట పూర్తికాకుండానే పెట్టేసింది. ప్రతిసారీ నాకు, "లైట్‌గా చెప్పవయ్యా బాబూ" అందామని నోటిదాకా వచ్చేది. అతను మాత్రం కాదన్నవాళ్ళకి కూడా థాంక్స్ చెప్పి, పుస్తకంలో గీత కొట్టి, తర్వాతి నంబరు నొక్కేవాడు.

మర్నాడు పొద్దున్న బూన్ లే నుంచి, అదీ రాఫెల్స్ ప్లేస్‌కి ఒకే ట్రైను దారే, ఒక మేడమ్ తిరిగి ఫోను చేసింది. ముందురోజు కాదన్నావిడే. లెక్కల టీచరుగా చేసి మానేసిందట. జాలీ గీలీ ఏం లేదు. "ఇలా ముందే చెప్పే ఏజెంటు ఇంకేం దాస్తాడో చూద్దామని చేశాను. ముందు కుక్కని చూపించు" అంది.

చూపించాడు. మిల్లీ వెళ్ళి బల్ల కింద పడుకుంది, గంటసేపు కిక్కురుమనలేదు. మేడమ్ నేల మీద గీతల గురించి, వెంట్రుకల గురించి, పక్కింటివాళ్ళ గురించి కాగితం నిండా ప్రశ్నలు రాసుకొచ్చింది. వసుంధర ఒక్కోదానికీ జవాబు చెప్పింది. ఖాజా కుక్కకి బారెడు దూరంలో, ప్యాంటు సర్దుకుని నిలబడ్డాడు. బయటికొచ్చాక, "నీకు కుక్కలంటే భయమా?" అని ఎత్తిపొడిచాను. ఏదో ఒక లోపం దొరికితే బాగుండునని నా ఆశ.

"భయమేం లేదక్కా. దాని తడి ముక్కు తగిలితే నమాజుకి ముందు కడుక్కోవల్ల. అది నా లెక్క. ఆ పాపకి ఇల్లు కావల్ల, అది ఆ పాప లెక్క. రెండూ ఒకదానికొకటి అడ్డం రావు గదా" అన్నాడు.

అక్కడా దొరకలేదు.

మీకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. గైడ్ డాగ్ ఉన్నవాళ్ళకి బయట ఎన్ని హక్కులున్నా, మా రోజుల్లో అద్దె ఇంటి గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ఆ అగ్రిమెంటులో రాసుకున్నదే హక్కు. ఇప్పుడు రూల్ ఏమైనా మారిందేమో మీరు కనుక్కోండి, నా మాట మీద ఉండకండి. రాయకపోతే ఏమీ లేనట్టే. నోటితో "సరేలే" అన్న ఓనరు రేపు ఇల్లు అమ్మేస్తే కొత్త ఓనరుకి ఆ "సరేలే" తెలీదు. కాబట్టి జాలి కోసం వెతక్కండి, రాసిచ్చే మనిషి కోసం వెతకండి.

బూన్ లేలో సంతకం

సంతకాల రోజు ఖాజా నన్నూ రమ్మన్నాడు. "నీ కస్టమరే గదక్కా" అన్నాడు. మేడమ్ ఇంట్లో బల్ల చుట్టూ నలుగురం కూర్చున్నాం. ఖాజా అగ్రిమెంటు రెండు కాపీలు తీసి ఒకటి నా ముందు పెట్టాడు.

"మా అక్క ఇంగ్లీషు నాకన్నా బాగుంటాది. ఆమే చదువుతాది" అన్నాడు.

ఎందుకన్నాడో నాకు తెలుసు. నాకొక అవకాశం ఇద్దామని. నేను కళ్ళజోడు పెట్టుకుని, గొంతు సవరించుకున్నాను. ఒక్క కామా కూడా వదలకూడదనుకున్నాను.

"మీరు వద్దు ఆంటీ. ఖాజా గారు చదువుతరు" అంది వసుంధర.

కోపం లేదు ఆ మాటలో. టీలో చక్కెర వద్దన్నట్టు అంది. మేడమ్‌కి తెలుగు రాదు కాబట్టి ఏం జరిగిందో తెలీలేదు. ఖాజా నా వైపు చూడలేదు. కాగితాలు తనవైపు జరుపుకుని మొదలుపెట్టాడు, "క్లాజ్ వన్..."

అతని ఇంగ్లీషు ముక్కలు ముక్కలుగా ఉంటుంది. ప్రతి నంబరూ చదివాడు. పదకొండు, మిల్లీ పెంపుడు జంతువుల లెక్కలోకి రాదు, కుక్క ఉందన్న కారణంతో మధ్యలో ఖాళీ చేయించకూడదు. పన్నెండు, మిల్లీ ముసలిదై పని మానేస్తే దాని చోట వచ్చే గైడ్ డాగ్‌కి కూడా ఇదే అనుమతి. పదమూడు, ఓనరు వచ్చేముందు ఫోను చెయ్యాలి, పట్టీతో పనిలో ఉన్నప్పుడు దాన్ని ముట్టుకోకూడదు. ఆ తర్వాత వసుంధర పాటించాల్సినవి. మిల్లీ లైసెన్సు, టీకాల కాగితాలు ఏటా చూపించాలి. లిఫ్టులో, వరండాలో పట్టీ తియ్యకూడదు. అది ఎక్కడ దొడ్డికి వెళ్ళినా ఎత్తి శుభ్రం చెయ్యాలి. దానితోపాటు ఇంకో కుక్కని తేకూడదు. వెళ్ళేటప్పుడు ఇల్లంతా కడిగించి, పురుగుల మందు కొట్టించాలి. చెక్క నేల మీద గీతలు పడితే బాగుచేయించాలి.

"గీతలు మిల్లీ గోళ్ళవా, కుర్చీలవా ఎట్ల తెలుస్తది?" అని ఆపింది వసుంధర.

మేడమ్, ఖాజా, ఆమె దాని మీద పావుగంట వాదించుకున్నారు. చేరే రోజే నేలకి ఫొటోలు తీసి అగ్రిమెంటుకి జోడించాలని తేల్చారు. ఖాజా ఆ మాట పెన్నుతో రాశాడు, పైకి చదివాడు, మేడమ్ చేత పక్కన పొడి సంతకం పెట్టించాడు, మళ్ళీ మొదటి నుంచి ఆ షరతు చదివాడు. మిల్లీ ఇక వెనక్కి పోనక్కర్లేదు. నాకు సంతోషమేసింది, అది నిజం. ఆ సంతోషం వెనకాలే నా కుళ్ళు కూడా వచ్చి కూర్చుంది.

ఎందుకంటే ఆ గంటా నేనేం చేశానో మీకు చెప్పకపోతే ఇదంతా రాసి దండగ. నా కాపీలో వేలు పెట్టుకుని లైను లైనూ అతని వెనకే వెళ్ళాను. ఒక్కటైనా దాటేస్తాడేమో, ఒక్క నంబరైనా మింగేస్తాడేమో, అప్పుడు "ఆగు ఖాజా" అందామని. చివరి పేజీ చివరి లైను దాకా వెళ్ళాను. అతను ఒక్కటీ వదల్లేదు.